వీనస్ ఫ్లైట్రాప్ మొదటి తాకుడుకు పలకదు, రెండోదానికి మూసుకుంటుంది. లెక్క ఎక్కడ పెడుతోంది?

బాల్కనీ_భారతి
మా అమ్మాయి పోరు పడలేక ఆన్‌లైన్‌లో వీనస్ ఫ్లైట్రాప్ అనే పురుగులు తినే మొక్కను తెప్పించాను. వచ్చినప్పుడు బోనుల్లాంటి దాని ఆకులన్నీ తెరుచుకుని, లోపల ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. ఇప్పుడు సగం నల్లబడ్డాయి. అమ్మినవారికి ఫొటో పంపితే "ఈగలు పెట్టండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

అసలు సందేహం అది కాదు. మా అమ్మాయి అగ్గిపుల్లతో బోను లోపలి వెంట్రుకను తాకింది. కదలలేదు. మళ్లీ తాకగానే టక్కున మూసుకుంది. ఇంకో బోనును ఒకసారి తాకి, అన్నం తిని వచ్చి మళ్లీ తాకింది. ఉలుకూ పలుకూ లేదు. వెంటనే మరోసారి తాకితే మూసుకుంది. అంటే ఒకటి, రెండు అని లెక్కపెడుతోందా? పెడితే, అన్నం తినివచ్చేలోపు ఆ లెక్క మరిచిపోయిందా? మెదడు లేదు, నరాలు లేవు. మొదటి తాకుడును ఎక్కడ దాచుకుంటోంది? పిల్ల అడిగితే "రేపు చెబుతాను, పడుకో" అన్నాను. రేపు వచ్చేసింది.

సందేహాల_రావు
తాకి తాకి చంపారు. ఇందులో లెక్కలేమున్నాయి?

నల్లరేగడి
చికెన్ ముక్క ఏమైనా పెట్టారా? మా బావమరిది పెట్టాడు. గది అంతా కంపు కొట్టింది గానీ మొక్క తిన్న జాడ లేదు.

బాల్కనీ_భారతి
@నల్లరేగడి లేదండీ, మేము శాకాహారులం. మొక్క సంగతి వేరనుకోండి.

పాఠాల_మాస్టారు
భారతి గారూ, మీ అమ్మాయి చేసింది సరైన ప్రయోగం. రెండో బోను దగ్గర వ్యవధి ఇచ్చి చూసింది చూడండి, అక్కడే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది.

బోనులో ఒక్కో రెక్క లోపల సాధారణంగా మూడు వెంట్రుకలు ఉంటాయి. వెంట్రుక పొడవునా స్పర్శజ్ఞానం ఉండదు. అడుగున ఒక సన్నని నొక్కు ఉంటుంది. వెంట్రుక వంగినప్పుడు ఆ నొక్కు దగ్గరి కణాలు ఒకవైపు సాగి, మరోవైపు నలుగుతాయి. అప్పుడు కణాల పొరలో అయాన్లు (విద్యుదావేశం ఉన్న అణువులు) పోయే ద్వారాలు తెరుచుకుని కణం లోపలి విద్యుదావేశం మారుతుంది. ఆ మార్పు ఒక హద్దు దాటితే విద్యుత్ తరంగమై రెండు రెక్కలకూ పాకుతుంది. మన నరాల్లో పరుగెత్తేదీ ఈ జాతి తరంగమే. మన దగ్గర దాన్ని మొదలుపెట్టేది సోడియం, ఇక్కడ ఆ పని కాల్షియం, క్లోరైడ్ అయాన్లది.

ఇక లెక్క. ప్రతి తాకుడుకూ ఆకు కణాల్లో కాల్షియం పెరుగుతుంది, ఆ తర్వాత మెల్లగా తగ్గిపోతుంది. ఒక్క తాకుడుకు పెరిగింది బోను మూయడానికి చాలదు. అది పూర్తిగా తగ్గేలోపు రెండోది పడితే, మిగిలినదానికి కొత్తది కలిసి హద్దు దాటుతుంది, బోను మూసుకుంటుంది. ఆ గడువు సుమారు 20 నుంచి 30 సెకన్లు. మీ అమ్మాయి భోజనం అంతకంటే ఎక్కువసేపే పట్టి ఉంటుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. కాల్షియం ఉన్నచోట మెరిసే ప్రోటీన్‌ను జన్యుమార్పిడితో ఈ మొక్కలోకి ఎక్కించి, వెంట్రుక అడుగు నుంచి మెరుపు ఆకంతా పరుచుకోవడాన్ని, తర్వాత మసకబారడాన్ని జపాన్ పరిశోధకులు 2020లో చూపించారు.

అత్తిపత్తి
మా పెరట్లో అత్తిపత్తి ఒక్కసారి తాకగానే ముడుచుకుంటుంది. దానికి లేని ఈ రెండుసార్ల పట్టుదల దీనికెందుకు?

పాఠాల_మాస్టారు
@అత్తిపత్తి ముడుచుకోవడం వల్ల అత్తిపత్తికి పోయేది తక్కువ. కాసేపటికి విప్పుకుంటుంది. ఫ్లైట్రాప్ బోను ఉత్తినే మూసుకుంటే మళ్లీ తెరుచుకోవడానికి సగం రోజు నుంచి ఒక రోజు పడుతుంది. పైగా ఒక్కో బోను జీవితకాలంలో మూసుకోగలిగేది కొద్దిసార్లే. ఆ తర్వాత మామూలు ఆకులా ఎండను పట్టుకుంటూ ఉండి, చివరికి నల్లబడి రాలిపోతుంది. గాలికి కొట్టుకొచ్చిన చెత్తకూ వాన చినుకుకూ మూసుకుంటూ పోతే మొక్క దివాలా తీస్తుంది. వెంటవెంటనే రెండు తాకుళ్లు పడ్డాయంటే లోపల తిరిగేది ప్రాణమున్నదని నమ్మవచ్చు.

సందేహాల_రావు
వాన చినుకులు వెంటవెంటనే వందసార్లు తగులుతాయి కదా మాస్టారూ? మరి వానాకాలమంతా బోనులు మూసుకునే ఉండాలి.

పాఠాల_మాస్టారు
మంచి ప్రశ్న. ఇదే డార్విన్‌కూ వచ్చింది. పైనుంచి నీటి చుక్కలు ఈ వెంట్రుకల మీద పడేలా వదిలి చూశాడు, గట్టిగా ఊదీ చూశాడు. బోను మూసుకోలేదు. జడివాన వచ్చినా, పెనుగాలి వీచినా మొక్కకు లెక్కలేదని 1875లో కీటకాహార మొక్కల మీద వేసిన పుస్తకంలో రాశాడు.

క్యారీ_కిరణ్
నేను ఉండేది ఈ మొక్క సొంత రాష్ట్రంలోనే, నార్త్ కరోలినాలో. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ప్రపంచం మొత్తం మీద వీనస్ ఫ్లైట్రాప్ సహజంగా పెరిగేది విల్మింగ్టన్ నగరం చుట్టుపక్కల సుమారు 120 కిలోమీటర్ల పరిధిలోనే, నార్త్, సౌత్ కరోలినా రెండింటిలో కలిపి. ఏ అమెజాన్ అడవిలోనో పెరుగుతుందని నేనూ అనుకునేవాడిని.

కరోలినా బీచ్ స్టేట్ పార్కులో వీటి కోసమే ఒక కాలిబాట ఉంది. పిల్లలతో వెళ్లాను. ఫొటోల్లో చూసి అరచేయంత బోనులు ఊహించుకున్నారేమో, అక్కడ గడ్డిలో రెండు మూడు సెంటీమీటర్ల బోనులు చూసి మావాడు "ఇంతేనా" అన్నాడు. తాకవద్దని బోర్డు ఉంది. తవ్వుకుపోతే ఇక్కడ 2014 నుంచి పెద్ద నేరం, జైలుకు పంపుతారు. అంతకు ముందు చిన్నపాటి జరిమానాతో పోయేది, అందుకే గోనెసంచుల్లో తవ్వుకుపోయేవారట.

ఆ నేలను చూస్తే మొక్క పురుగులను ఎందుకు తింటుందో అర్థమవుతుంది. ఇసుక, నీటిచెమ్మ, పుల్లటి పీట్ (కుళ్లిన నాచు) మట్టి. నత్రజని, భాస్వరం దాదాపు లేవు. పొడవాటి సూదుల పైన్ చెట్ల మధ్య ఎండ బాగా పడే ఖాళీల్లో ఉంటుంది. అప్పుడప్పుడు కార్చిచ్చు వచ్చి పొదలను కాల్చకపోతే నీడ కమ్ముకుని ఇది చచ్చిపోతుంది. అందుకని అటవీ శాఖవాళ్లే పద్ధతి ప్రకారం నిప్పు పెడతారు.

నల్లరేగడి
@క్యారీ_కిరణ్ నిప్పు పెట్టి కాపాడటమా! మా ఊళ్లో వరికొయ్యలు కాలిస్తే కేసు పెడుతున్నారు.

దోమల_బాధితుడు
కిరణ్ గారూ, పది మొక్కలు పెట్టుకుంటే ఇంట్లో దోమలు తగ్గుతాయా? నిజంగానే అడుగుతున్నాను, నవ్వవద్దు.

క్యారీ_కిరణ్
తగ్గవు. దోమ వెంట్రుకను వంచేంత బరువు ఉండదు. లోపలికి వచ్చినా బోను అంచున ఉండే పళ్ల సందుల్లోంచి దూరి పోతుంది. పేరుకు ఈగల బోను గానీ అడవిలో దీనికి దొరికేవి ఎక్కువగా చీమలు, సాలెపురుగులు, పెంకుపురుగుల లాంటివి. ఎగిరేవి చాలా తక్కువ. దోమతెర కొనుక్కోండి.

దోమల_బాధితుడు
సరే. దోమతెరకు నీళ్లు పోయనక్కర్లేదు కూడా.

బెజవాడ_ఎండ
మాస్టారు చెప్పిన రెండు తాకుళ్ల నియమం పుస్తకాల్లో బాగుంటుంది. మా ఇంట్లో మే నెలలో ఒక్క తాకుడుకే మూసుకుంది. నేనే చూశాను, మా ఆవిడా చూసింది. జనవరిలో అదే మొక్క రెండుసార్లు తాకితే గానీ కదలలేదు. దీన్ని ఏమంటారు?

సందేహాల_రావు
మీకు తెలియకుండా రెండు వెంట్రుకలు తగిలి ఉంటాయి. ఫ్యాను గాలికి చేయి వణికి ఉంటుంది.

బెజవాడ_ఎండ
@సందేహాల_రావు మే నెలలో బెజవాడలో ఫ్యాను తిరగాలంటే ముందు కరెంటు ఉండాలి.

పాఠాల_మాస్టారు
ఎండ గారు చూసింది నిజమే అయి ఉంటుంది. వేడి బాగా పెరిగితే, అంటే 35-40 డిగ్రీల దగ్గర, ఒక్క తాకుడు చాలిన సందర్భాలు ఉన్నాయని 1910లోనే ఇద్దరు అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞులు గమనించి రాశారు. చల్లగా ఉంటే రెండు, ఇంకా చల్లగా ఉంటే అంతకంటే ఎక్కువ తాకుళ్లు కావాలి. రెండు అనేది రాతి మీద చెక్కిన అంకె కాదు. హద్దు దాటడమే అసలు సంగతి, ఎన్ని తాకుళ్లకు దాటుతుందన్నది వాతావరణాన్ని బట్టి ఉంటుంది.

ఇంకో దారి కూడా ఉంది. వెంట్రుకను ఠపీమని కాకుండా చాలా నెమ్మదిగా వంచితే ఆ ఒక్క వంపుకే ఒకటికి మించి విద్యుత్ తరంగాలు పుట్టవచ్చు. జ్యూరిచ్ పరిశోధకులు సన్నని రోబో మీటతో వెంట్రుకలను వేర్వేరు వేగాలతో వంచి చూసి 2020లోనే ఈ విషయం చెప్పారు. నత్తలా మెల్లగా పాకే జీవులకు ఈ ఏర్పాటు పనికొస్తుందని వారి అంచనా.

బెజవాడ_ఎండ
@సందేహాల_రావు చదివారా?

సందేహాల_రావు
చదివాను. చేయి వణకలేదని ఇప్పటికీ రుజువు కాలేదు.

మెడికో_మల్లిక
శరీరధర్మశాస్త్రం చదువుతున్నదాన్ని కాబట్టి అడుగుతున్నాను. విద్యుత్ తరంగం వచ్చింది, కాల్షియం పెరిగింది, బాగానే ఉంది. మా దగ్గరైతే కాల్షియం పెరిగాక లాగడానికి కండరం ఉంటుంది. ఆకులో కండరం ఏది? సెకనులో పదోవంతులో మూసుకుంటుందని చదివాను. నీరు కణం నుంచి కణానికి పోవడానికి కూడా ఆ సమయం చాలదనిపిస్తోంది.

పాఠాల_మాస్టారు
@మెడికో_మల్లిక గురి చూసి కొట్టారు. నీటి కదలిక ఒక్కటే అయితే అంత వేగం రాదు. 2005లో ఫోర్టెర్, మహదేవన్, మరికొందరు కలిసి దీన్ని లెక్కగట్టారు. తెరిచి ఉన్న బోను రెక్కను పక్క నుంచి చూడండి, బయటికి వంగి ఉంటుంది. అంటే అందులో ముందే బిగువు ఉంది. వెంట్రుక సంకేతం అందగానే కణాల ఒత్తిడి కొద్దిగా మారి రెక్క వంపును కాస్త తోస్తుంది. ఒక దశ దాటాక రెక్క తనంతట తానే అటు నుంచి ఇటు తిరగబడుతుంది. ఆడపిల్లలు పెట్టుకునే టిక్‌టిక్ పిన్ను నొక్కితే ఒక వంపు నుంచి మరో వంపుకు ఎలా గెంతుతుందో అలాగే. మొక్క పెట్టేది చిన్న తోపు. మిగతా వేగమంతా రెక్క ఆకారంలో దాచి ఉంచిన బిగువుది.

అత్తిపత్తిలో ఈ గెంతు లేదు. అక్కడ ఆకు మొదట్లో ఉబ్బుగా ఉండే కీలులోని కణాల నుంచి నీరు బయటికి పోయి ఆకు వాలుతుంది. అందుకే దాని కదలిక మన కంటికి నింపాదిగా కనిపిస్తుంది.

బాల్కనీ_భారతి
టిక్‌టిక్ పిన్ను అనగానే మా అమ్మాయికి వెలిగింది. జడలోంచి తీసి నొక్కి చూస్తోంది. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేసింది: అగ్గిపుల్లకు మూసుకున్న బోను మర్నాడు తెరుచుకుంది కదా, మరి పురుగు పడితే తెరుచుకోదు. లోపల ఉన్నది పుల్లా పురుగా అని దానికి ఎలా తెలుస్తుంది?

పాఠాల_మాస్టారు
ఇక్కడే లెక్క మళ్లీ మొదలవుతుంది. మొదటి మూత గట్టిది కాదు. పళ్లు ఒకదానిలో ఒకటి కలుస్తాయి గానీ సందులు ఉంటాయి. చిన్న పురుగులు ఆ సందుల్లోంచి పోవచ్చు. జీర్ణం చేసుకునే ఖర్చుకు తగనివాటిని అలా వదిలేస్తుందని డార్విన్ అనుకున్నాడు. లోపల పెద్దది చిక్కితే అది గింజుకుంటూ వెంట్రుకలను మళ్లీ మళ్లీ తాకుతుంది. తాకుళ్లు పెరిగేకొద్దీ మొక్క ఒక్కో మెట్టు ఎక్కుతుంది. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో హెడ్రిచ్ బృందం 2016లో దీన్ని కొలిచింది. రెండు తరంగాలకు బోను మూత పడుతుంది. ఆ తర్వాతి వాటితో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను దారి తెరుచుకుంటుంది. అయిదు దాటాక గ్రంథులు జీర్ణరసాలు తయారుచేయడం మొదలవుతుంది. కరిగిన పురుగు నుంచి వచ్చే సోడియంను లోపలికి తీసుకునే ద్వారాలు కూడా తయారవుతాయి. అంటే ఎంత గింజుకుంటే అంత రసం. తర్వాత పురుగు ఒంట్లోని రసాయనాలే ఆ ఉత్తర్వును కొనసాగిస్తాయి. రెక్కల అంచులు బిగిసి బోను కడుపుగా మారుతుంది. పని ముగియడానికి వారం, పది రోజులు పడుతుంది.

అగ్గిపుల్ల గింజుకోదు. చచ్చిన ఈగ కూడా గింజుకోదు. నల్లరేగడి గారి బావమరిది పెట్టిన చికెన్ ముక్క అంతకంటే గింజుకోదు.

నల్లరేగడి
పాపం, వాడికి ఈ విషయం ఫోను చేసి చెప్పాను. "ముందే గింజుకునే కోడిని పెట్టాల్సింది" అన్నాడు.

మెడికో_మల్లిక
జాస్మోనిక్ ఆమ్లమా! గొంగళిపురుగు ఆకు కొరికితే మామూలు మొక్కలు ఆత్మరక్షణకు విడుదల చేసేది అదే కదా?

పాఠాల_మాస్టారు
అదే. తనను తినే పురుగు మీద వాడే ఆయుధాగారాన్ని ఈ మొక్క పురుగును తినడానికి తిప్పుకుంది. జీర్ణరసంలో ఉండే కైటినేజ్‌ల (పురుగు పెంకును కరిగించేవి) వంటి ఎంజైములు కూడా చాలా మొక్కల్లో శిలీంధ్రాల మీద, పురుగుల మీద రక్షణకు వాడేవే. కొత్తగా కనిపెట్టింది తక్కువ, ఉన్నదాన్ని కొత్త పనికి పెట్టింది ఎక్కువ. నాకు ఈ మొక్క కథలో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే. బోను మూసుకోవడం చూడటానికి తమాషాగానే ఉంటుంది, కానీ ఇది అంతకంటే పెద్ద సంగతి.

సత్యాన్వేషి
ఇంతసేపూ అందరూ "లెక్కపెట్టింది", "గుర్తుపెట్టుకుంది", "ఖర్చు చూసుకుంది" అంటున్నారు. కాల్షియం పెరిగింది, తగ్గింది. అంతే. మొక్కకు మనసును అంటగట్టకండి. రేపు ఎవరో వచ్చి మొక్కలకు సంగీతం వినిపించే యంత్రం అమ్ముతారు.

మెడికో_మల్లిక
@సత్యాన్వేషి మన జ్ఞాపకం కూడా నరాల సంధుల్లో కాల్షియం పెరగడం, తగ్గడంతోనే మొదలవుతుంది. దాన్ని జ్ఞాపకం అంటే తప్పులేనప్పుడు దీన్ని అంటే తప్పేమిటి? మనసు ఉందని ఎవరూ అనలేదు. ముప్ఫై సెకన్లు నిలిచే గుర్తు ఉంది అన్నారు.

సత్యాన్వేషి
థర్మామీటరు కూడా జ్వరాన్ని కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. దానికి జ్ఞాపకశక్తి ఉందంటామా?

మెడికో_మల్లిక
థర్మామీటరు పురుగును తినదు, విత్తనాలు పెట్టదు. తను గుర్తుపెట్టుకున్నదాన్ని బట్టి బతకదు, చావదు.

అత్తిపత్తి
జగదీశ్ చంద్ర బోసు ఈ గొడవ వందేళ్ల క్రితమే తేల్చేశాడు. మొక్కలకూ నరాల వంటి వ్యవస్థ ఉందని అత్తిపత్తి మీదే ప్రయోగాలు చేసి చూపించాడు. మనవాళ్లు చెబితే నమ్మరు గదా.

పాఠాల_మాస్టారు
@అత్తిపత్తి బోసు గొప్పవాడు, అనుమానం లేదు. మొక్కల్లో స్పర్శ విద్యుత్ సంకేతంగా ప్రయాణిస్తుందన్న ఆయన మాట నిలబడింది. అయితే ఫ్లైట్రాప్‌లో ఆ విద్యుత్తును ముందే కొలిచినవాడు ఇంకొకడు. డార్విన్ కోరిక మీద 1873లో జాన్ బర్డన్ శాండర్సన్ అనే ఇంగ్లండు శరీరధర్మశాస్త్రజ్ఞుడు ఆకుకు తీగలు తగిలించి, వెంట్రుకను తాకినప్పుడల్లా విద్యుత్ మార్పు వస్తోందని చూపించాడు. అసలు విడ్డూరం తర్వాత ఉంది. 1901లో లండన్ రాయల్ సొసైటీలో బోసు తన ప్రయోగాలు వివరిస్తే గట్టిగా అభ్యంతరం చెప్పింది ఈ శాండర్సనే. ఫ్లైట్రాప్ లాంటి ప్రత్యేకమైన మొక్కలకు ఆ గుణం ఉండవచ్చు గానీ మామూలు మొక్కలన్నిటికీ ఉందంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ విషయంలో చివరికి గెలిచింది బోసే. పూర్తి నరాల వ్యవస్థ ఉందన్నంత దూరం వెళ్తే మాత్రం నేను సత్యాన్వేషి గారి పక్షమే. సంకేతం ఉంది, దాన్ని ఒకచోట కూర్చుని విచారించే కేంద్రం లేదు.

మెడికో_మల్లిక
మత్తుమందు సంగతి కూడా చెప్పండి మాస్టారూ. ఈథర్ ఆవిరిలో ఉంచితే ఫ్లైట్రాప్ వెంట్రుకలను ఎంత తాకినా పలకదు, ఈథర్ తీసేస్తే కాసేపటికి మామూలవుతుంది. 2017లో ఒక పరిశోధన పత్రంలో చదివాను. మాకు మత్తుమందు పాఠం చెప్పేటప్పుడు ఇది ముందు చెబితే ఎవరూ నిద్రపోరు.

సత్యాన్వేషి
చూశారా, మత్తు ఎక్కిందంటే స్పృహ ఉన్నట్టే అని ఇప్పుడు ఎవరో ఒకరు రాస్తారు. విద్యుత్ తరంగం పుట్టకుండా ఆపేసింది, అంతే. కణపొరలు మొక్కకూ ఉన్నాయి, మనకూ ఉన్నాయి.

మెడికో_మల్లిక
ఇందులో మీతో పేచీ లేదు.

దోమల_బాధితుడు
ఇద్దరూ ఒప్పుకున్నారు! ఈ చర్చలో ఇదే మొదటిసారి.

శ్రీకాకుళం_శ్రీను
ఇంత దూరం కరోలినా వెళ్లారు గానీ మన దగ్గర ఉన్నవాటిని ఎవరూ తలవలేదు. మా ఊళ్లో సంక్రాంతి ముందు, పొలాల పక్కన తడి ఆరని ఇసుకనేలలో ఎర్రటి చిన్న మొక్కలు నేలకు అతుక్కుని ఉంటాయి. ఒక్కోటి రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆకుల నిండా జిగురు బొట్లు, వాటికి అతుక్కుని చిన్న చిన్న పురుగులు. ఇది కూడా ఆ జాతిదేనా?

పాఠాల_మాస్టారు
@శ్రీకాకుళం_శ్రీను మీరు చెప్పిన గుర్తులు డ్రాసిరా బర్మానీకి సరిపోతున్నాయి. తెలుగు నేల మీద అదీ, నిలువుగా పెరిగే డ్రాసిరా ఇండికా కూడా ఉన్నాయి. వీలైతే ఫొటో పెట్టండి. డ్రాసిరా, ఫ్లైట్రాప్ ఒకే కుటుంబం. పద్ధతులే వేరు.

డ్రాసిరా ఆకు మీద ఉండే ఎర్ర కేశాల చివర జిగురు బొట్టు ఉంటుంది. పురుగు అంటుకుంటుంది, గింజుకుంటుంది, చుట్టుపక్కల కేశాలు దాని వైపు వంగుతాయి. చాలా డ్రాసిరాల్లో ఇది నిమిషాల మీద జరిగే పని. బర్మానీ మాత్రం తొందర మనిషి, అంచు కేశాలు సెకన్లలోనే వంగుతాయి. ఆస్ట్రేలియాలో ఒక రకం ఉంది, దాని అంచు కేశాలు సెకనులో పదోవంతు కూడా తీసుకోకుండా పురుగును లోపలికి విసిరేస్తాయి.

స్పర్శ విషయంలో డార్విన్ గమనించిన తేడా ఒకటి చెప్పాలి, ఇది మన అసలు చర్చకు సంబంధించినదే. డ్రాసిరా కేశం మీద మిల్లీగ్రాములో వెయ్యోవంతు కూడా లేని వెంట్రుక ముక్క పెడితే కేశం వంగింది. అదే కేశాన్ని ఒకసారి గట్టిగా తాకి వదిలేస్తే పట్టించుకోలేదు. ఫ్లైట్రాప్ దగ్గర దీనికి సరిగ్గా తిరగబడింది. దాని బోను వెంట్రుక మీద మనిషి తలవెంట్రుక ముక్క మెల్లగా ఆనించి ఉంచితే కదలలేదు. చటుక్కున తాకితే మూసుకుంది. ఎందుకంటే డ్రాసిరా దగ్గర పురుగు జిగురులో చిక్కి అక్కడే ఉంటుంది, కాబట్టి నిలిచి ఉండే చిన్న ఒత్తిడిని పట్టుకోవాలి. ఫ్లైట్రాప్ దగ్గర జిగురు లేదు, పురుగు నడిచిపోతోంది, క్షణంలో తేల్చుకోవాలి. ఎవరి వేటకు తగిన స్పర్శ వారిది.

రెండింటిలోనూ స్పర్శను పట్టే ద్వారం మాత్రం ఒకే వంశానిదై ఉండవచ్చు. ఫ్లైట్రాప్ వెంట్రుక అడుగు కణాల్లో ఎక్కువగా పనిచేసే ఒక జన్యువును అమెరికా పరిశోధకులు 2021లో గుర్తించి ఫ్లైసీ1 అని పేరు పెట్టారు. పొర సాగితే తెరుచుకునే ద్వారాన్ని తయారుచేసే జన్యువు అది. దాని చుట్టాలు డ్రాసిరా కేశాల్లోనూ కనిపించాయి. బాక్టీరియాలో కూడా దూరపు బంధువులు ఉన్నాయి. అక్కడ అవి నీరు ఎక్కువై కణం పగలకుండా కాపాడతాయి.

సందేహాల_రావు
మాస్టారూ, మా పాఠ్యపుస్తకంలో కూజా మొక్క బొమ్మ ఉండేది, మూత ఠక్కున మూసి పురుగును పట్టేస్తుందని మా సారు చెప్పారు. అది?

పాఠాల_మాస్టారు
మూత మూయదు. చాలామంది అలా చెబుతారు. కూజా మొక్క, అంటే నెపెంథిస్, మూత వానకు గొడుగు మాత్రమే. పురుగు అంచు మీది తేనెకు వచ్చి, తడిసి జారుడుగా ఉన్న అంచు మీంచి లోపలి నీళ్లలో పడుతుంది. దీనికి స్పర్శతో పనిలేదు. మన దేశంలో ఉండేది ఒక్కటే రకం, మేఘాలయ కొండల్లోని నెపెంథిస్ ఖాసియానా. దక్షిణ గారో కొండల్లోని బాగ్మారాలో దానికి ప్రత్యేకంగా ఒక అభయారణ్యం ఉంది.

మొక్కల_పిచ్చి
అందరూ సిద్ధాంతంలో మునిగారు, భారతి గారి మొక్క చస్తోంది. నేను హైదరాబాదులో వీటిని పెంచుతున్నాను, ఆమెకు పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. భారతి గారూ, ఏ నీళ్లు పోస్తున్నారు?

బాల్కనీ_భారతి
బోరు నీళ్లే. అన్ని మొక్కలకూ అవే.

మొక్కల_పిచ్చి
అదే విషం. కిరణ్ గారు చెప్పారు కదా, లవణాలు లేని నేలలో పుట్టిన మొక్క. మన బోరు నీటిలోని సున్నం, ఉప్పు దాని వేళ్లను చంపేస్తాయి. వాన నీరు పట్టి పెట్టుకోండి, లేదా డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఇంట్లో నీటి శుద్ధి యంత్రం ఉంటే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 50 లోపు వస్తోందేమో చూడండి. రుచి కోసం ఖనిజాలు కలిపే రకం అయితే వద్దు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిచి ఉండాలి. మట్టి పీట్ మాస్, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతిగుళ్లు) మాత్రమే. వర్మీ కంపోస్టు, పేడ, యూరియా పొరపాటున కూడా వేయవద్దు. ఎండ బాగా కావాలి. ఈగలు పెట్టకపోయినా చావదు, ఎండ లేకపోతే చస్తుంది. ఈగ దీనికి ఎరువు, అన్నం కాదు. అన్నం ఎండలోంచే వండుకుంటుంది.

నల్లబడిన బోనులు కత్తిరించేయండి. మధ్యలోంచి కొత్త మొలక పచ్చగా వస్తుంటే భయం లేదు. అగ్గిపుల్ల ఆట కొన్నాళ్లు ఆపాలి.

బెజవాడ_ఎండ
చలికాలం నిద్ర సంగతి కూడా చెప్పండి. దానికి మూడు నాలుగు నెలలు చలి లేకపోతే ఏడాది రెండేళ్లకు నీరసించి పోతుందట. బెజవాడలో చలి ఎక్కడ తేవాలి?

మొక్కల_పిచ్చి
మట్టి కడిగి, వేళ్లను తడి నాచులో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేవారు ఉన్నారు. నేనూ అదే చేస్తాను. హైదరాబాదు చలి దానికి చాలడం లేదు.

నల్లరేగడి
లంబసింగిలో ఒక హాస్టల్ పెడితే సరి. శీతాకాలం నాలుగు నెలలు, మొక్కకు ఇంత అని ఫీజు.

బెజవాడ_ఎండ
నా పేరు మొదట రాసుకోండి.

క్యారీ_కిరణ్
పూలు వచ్చినప్పుడు చూడండి, కాడ చాలా ఎత్తుగా లేస్తుంది. పరాగం మోసేవాళ్లు కింద బోనులో పడకుండా అనుకుంటా. ఇక్కడి నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు పూల మీద వాలే పురుగులనూ, బోనుల్లో చిక్కిన పురుగులనూ పోల్చి 2018లో ఒక పరిశోధన వెలువరించారు. పరాగం ఎక్కువగా మోసే చిన్న తేనెటీగలు, పెంకుపురుగులు బోనుల్లో దాదాపు కనిపించలేదు.

మొక్కల_పిచ్చి
@క్యారీ_కిరణ్ కుండీలో నీరసంగా ఉన్న మొక్కకైతే ఆ కాడను మొదట్లోనే తుంచేయాలి. పూయడానికి ఉన్న శక్తి అంతా పోతుంది.

శ్రీకాకుళం_శ్రీను
మాస్టారూ, మా చెరువులో పసుపు పూలతో నీటి మీద తేలే మొక్క ఒకటి ఉంది. వేళ్లు ఉండవు, దారాల వంటి ఆకులకు ఆవగింజల్లాంటి తిత్తులు ఉంటాయి. అది కూడా పురుగులు తింటుందని ఎవరో అన్నారు. నిజమేనా?

పాఠాల_మాస్టారు
నిజం. యుట్రిక్యులేరియా. మన చెరువుల్లో, వరిమడుల్లో మామూలుగా ఉండేదే, ఎవరూ పట్టించుకోరు. ఈ చర్చలో వేగానికి బహుమతి ఇవ్వాలంటే ఫ్లైట్రాప్‌కు కాదు, దీనికి ఇవ్వాలి. తిత్తి తన లోపలి నీటిని నిరంతరం బయటికి తోడి పారేస్తుంది, గోడలు లోపలికి పీక్కుపోయి ఉంటాయి. మూతి దగ్గర చిన్న తలుపు, దాని మీద కొన్ని సన్నని రోమాలు. నీటి ఈగ లాంటిది రోమాన్ని తాకగానే తలుపు వంగి తెరుచుకుంటుంది, నీటితోపాటు పురుగు లోపలికి గుంజుకుపోతుంది. మొత్తం సెకనులో వెయ్యోవంతు లోపే. ఇక్కడ రెండు తాకుళ్ల లెక్క లేదు. రోమం మీట లాగా తలుపును కదిలిస్తే చాలునని, విద్యుత్ సంకేతంతో పనిలేదని ఎక్కువమంది అభిప్రాయం. ఎవరూ తాకకపోయినా ఒత్తిడి పెరిగి అప్పుడప్పుడు తనంతట తానే పేలుతుంది. మళ్లీ నీరు తోడుకుని సిద్ధం కావడానికి అరగంట చాలు. కాబట్టి పొరపాటున పేలినా పోయేదేమీ లేదు, లెక్కపెట్టుకోవలసిన అవసరమూ లేదు.

సత్యాన్వేషి
ఇది బాగుంది. లెక్క అవసరమైనచోటే లెక్క ఉంది.

మెడికో_మల్లిక
@సత్యాన్వేషి "లెక్క" అన్నారు!

శ్రీకాకుళం_శ్రీను
ఆదివారం చెరువుకు వెళ్తున్నాను. మామూలు భూతద్దంతో తిత్తులు కనిపిస్తాయా?

పాఠాల_మాస్టారు
పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం అయితే తలుపు కూడా తెలుస్తుంది. తెల్లని పళ్లెంలో చెరువు నీటితోనే ఉంచండి, కుళాయి నీరు వద్దు. నల్లగా ఉన్న తిత్తులు ఏరి చూడండి, అప్పటికే ఏదో తిన్నవి అవి. పట్టేటప్పుడు చూడాలనుకుంటే మాత్రం కంటికి అందదు, ఆ తిత్తి ఉబ్బిందని తెలుస్తుంది, అంతే.